తీజ్ మరునాడు

అసార్ 19

నందకలా దిదీ నీళ్ల ధార దగ్గరి నుంచి వస్తూ మలుపులో ఆగింది. రోజూ అక్కడే ఆగుతుంది, ఊపిరి తీసుకోవడానికి అనుకునేదాన్ని. ఈ రోజు నేను కిటికీలో ఉన్నాను. అటూ ఇటూ చూసి, వీపు మీది బుట్టను రాతిగోడకు ఆనించి, ఒక చేయి కుచ్చిళ్ల కిందికి పోనిచ్చి, దేన్నో లోపలికి నెట్టుకుంది. పళ్లు బిగపట్టి కాదు, జారిన చెంపపిన్ను సర్దుకున్నంత మామూలుగా. తరువాత బుట్టను మోసే నుదుటి పట్టీ సవరించుకుని, బుట్టతో సహా మెట్లెక్కి వచ్చింది.

ఈ కాఫల్‌డాండా కొండ ఊరికి నేను వచ్చిందే ఇలాంటివి కనిపెట్టడానికి. మా సంస్థ నాకు జీతమిచ్చేది అందుకే. ఊరూరా తిరిగి ఆడవాళ్లను ప్రశ్నలతో వేధిస్తాను. ఏడాదిగా ఈమె ఇంటి పై గదిలో అద్దెకుంటూ, ఈమె వండింది తింటూ, ఈమెను మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు.

అసార్ 20

అడగాలి. పొద్దున అడగలేకపోయాను. సాయంత్రం అత్తగారు పక్కనే ఉంది.

అసార్ 23

అడిగాను. దిదీ పొయ్యి దగ్గర మొక్కజొన్నలు వేయిస్తోంది. అత్తగారు మేకలను తోలుకుని పైకి వెళ్లింది.

"దిదీ, నీకు ఎక్కడైనా నొప్పిగా ఉంటుందా?"

"ఎక్కడ ఉండదో అడుగు. జవాబు తొందరగా అయిపోతుంది."

"నేను చూశాను. మలుపు దగ్గర."

గరిటె ఆగింది. రెండు గింజలు మాడాయి. మళ్లీ తిప్పడం మొదలుపెట్టి నవ్వింది. "పై గది నీకు అద్దెకిచ్చాను కదా బహినీ, కింది గది అలిగి దానంతటదే బయటికొచ్చేసింది."

నవ్వాలో కూడదో నాకు తెలియలేదు. ఎవరి మేక గురించో చెబుతున్నట్టు చెప్పుకుంటూ పోయింది. రెండో పిల్ల పుట్టిన వారం తిరక్కుండానే చోళ్ల మడికి పేడ మోసింది. ఆ సాయంత్రమే కింద ఏదో బరువుగా తోచింది. గుడ్డ ఉండ చేసి లోపల పెట్టుకుని ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది. ఇప్పుడు గుడ్డ కూడా నిలవడం లేదు. మూత్రం ఆగదు. వాసన వస్తుందని మనుషుల పక్కన కూర్చోదు. ఆమెకు గర్వమని ఊళ్లో అంటారు. నేనూ అదే అనుకున్నాను.

"ఇంకెవరికి తెలుసు?"

"నాకు తెలుసు. ఇప్పుడు నీకు. మా అత్తకు తెలిసే ఉంటుంది. ఆమె నడక చూడు, అచ్చం నాదే."

"మీ ఆయనకు?"

"రెండేళ్లకోసారి వస్తాడు. ఆయన ఉన్నన్నాళ్లూ నాకు పొలంలో పని ఎక్కువ, ఒంట్లో నలత ఎక్కువ." గింజలు చాటలో పోసింది. "ఖతార్ నుంచి సబ్బులు తెస్తాడు. మంచి వాసనవి. ఎందుకు తెస్తాడో నేను అడగను."

మంసిర్‌ నెలలో మా సంస్థ శిబిరం పెడుతుందని, జారిన గర్భసంచికి పట్నం డాక్టర్లు వచ్చి ఆపరేషన్ చేస్తారని చెప్పాను.

"కోసి తీసి పారేస్తారా?"

"తీసేస్తారు. మనం ఏమీ ఇవ్వక్కర్లేదు."

"మళ్లీ రాదు?"

"రాదు. కానీ ఆర్నెల్లు బరువు మోయకూడదు."

"ఆర్నెల్లే!" పండక్కి పుట్టింటి నుంచి పిలుపొచ్చినట్టు ముఖం వెలిగింది. "అయితే నా పేరు అందరికన్నా పైన రాయి."

రాశాను.

సావున్ 8

మా కేంద్రం నర్సు ఖగీసరా సిస్టర్ చేతులు ఒక పని దగ్గర ఆగిపోవడం మొదటిసారి చూశాను. ఈ కొండల్లో సగం పిల్లలు ఆ చేతుల్లోనే పడ్డారు. పై ఊరి ముసలామె ఒకతె వచ్చింది. జారిన గర్భసంచిని నిలబెట్టడానికి ఎప్పుడో, ఏ శిబిరంలోనో, ఎవరో రబ్బరు రింగు పెట్టి పంపారు. మళ్లీ తీయించుకోవాలని వాళ్లు చెప్పలేదో, ఈమె వినలేదో. ఏళ్ల తరబడి లోపలే ఉండి కండలో పూడుకుపోయింది. సిస్టర్ దాన్ని ఊడదీస్తుంటే ముసలామె అరవలేదు. పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

"పెట్టడం చిటికెలో పని" అంది సిస్టర్ తరువాత చేతులు కడుక్కుంటూ. "మూడు నెలలకోసారి తీసి, కడిగి, మళ్లీ పెట్టాలి. పెట్టినవాళ్లకు ఫొటో ఉంటుంది. కడిగేవాళ్లకేముంటుంది?"

ముసలామె వెళుతూ నన్ను కూడా దీవించింది. నేను చేసింది టార్చి పట్టుకోవడం.

సావున్ 27

మా సంస్థను నడిపే ఋషిరామ్ సర్ సమావేశం పెట్టారు. సమావేశమంటే ఆయన, సిస్టర్, నేను, ఒక కెటిల్ టీ. రిటైరైన హెడ్మాస్టర్, మా ఇద్దరినీ ఇంకా బెంచీ మీద కూర్చోబెట్టినట్టే చూస్తారు. వాళ్లమ్మ ఈయన తమ్ముణ్ని కనబోతూ నొప్పులు పడుతూ, డోలీలో కొండ కింది బజారు ఊరు చేరకుండానే దారిలో పోయింది. ఆ దారి పక్కనే ఇప్పుడు ఆమె పేరుతో మా ప్రసూతి కేంద్రం. ఆయన్ని వెక్కిరించాలనిపించిన ప్రతిసారీ అది గుర్తొచ్చి ఊరుకుంటాను.

"నిరుడు శిబిరానికి నలుగురు వచ్చారు. నలుగురు! సిగ్గుతో చస్తారు గానీ నోరు విప్పరు. ఈసారి తీజ్ పండక్కి పాటల పోటీ పెడదాం. ఆ ఒక్కరోజు ఆడది మొగుణ్ని తిట్టి పాడినా, అత్తను తిట్టి పాడినా, దేశాన్నేలేవాణ్ని తిట్టి పాడినా అడిగేవాడు లేడు. మరునాడు ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. మన పెద్దలు ఆడవాళ్ల చేతికిచ్చిన మైకు అది. వాడుకుందాం."

"మైకులో పాడేదెవరు సర్, మీరా?" అంది సిస్టర్.

"స్మారికా రాస్తుంది. బీయే చదివింది. ఏమ్మా?"

సరేనన్నాను. ఎన్నాళ్లకో చేయాలనిపించే పని.

భదౌ 6

రాసింది దిదీకి వినిపించాను. సోదరీమణులారా సిగ్గు విడండి, గర్భసంచి రోగం దాచకండి, శిబిరానికి తరలి రండి.

"ఇది పాటా, వార్డు ఆఫీసు నోటీసా?" అంది. "దీనికెవరైనా కాలు కదుపుతారా? మద్దెల వాయించేది కూడా నిద్రపోతుంది."

"అయితే నువ్వే కట్టు."

కలుపు తీయడానికి వెళ్లిపోయింది. సాయంత్రం బుట్ట దించి, గుమ్మంలోనే నిలబడి, గొంతు తగ్గించి పాడింది.

పురిటి పక్క వెచ్చదనం పోకముందే అక్కా
పేడబుట్ట వీపు మీద కెత్తినారే
బుట్ట దించి తిరిగివస్తి, బుట్టతోనే అక్కా
కడుపులోని సంచి కూడా దిగిపోయెనే

నేను రాసిన కాగితం మడిచేశాను.

"ఇది నువ్వే పాడాలి దిదీ."

"నేనా? ఊరందరి ముందా?"

"తీజ్ రోజే కదా. ఎవరేమంటారు?"

"ఎవరూ ఏమీ అనరు" అంది, తనకు తానే చెప్పుకున్నట్టు. తరువాత కళ్లలో అల్లరి మెరిసింది. "మా ఆయన మీద కూడా ఒక చరణం వేయనా?"

వేయమన్నాను.

భదౌ 21, తీజ్

స్కూలు మైదానమంతా ఎర్రచీరలు. పండగ ఉపవాసం, పొద్దుటి నుంచి ఎవరి గొంతులోనూ నీటి చుక్క లేదు, అయినా ఏం గొంతులు! తాగుబోతు మొగుళ్లు, దొంగ దళారులు, కోడలికి నెయ్యి దాచే అత్తలు, అందరూ ఒక్కొక్కరుగా పాటల్లోకొచ్చి తన్నులు తిని వెళ్లారు. మొగవాళ్లు గోడ మీద కూర్చుని, తమ పేరు రానంతసేపూ నవ్వుతున్నారు.

దిదీ పేరు పిలిచారు. మొదటి చరణానికే మైదానం చల్లబడిపోయింది. రెండో చరణానికి ఎవరో వెక్కారు. మూడోది మొగుడి మీద:

మావారున్న కంపెనీలో మంచుగాలి గదులంట
మేడ మీద మేడ కడితే మెచ్చుతారంట
సబ్బులంపె, ఫోనులంపె, సంచి నిండ పైసలంపె
నీకెక్కడ నొప్పి అని అడగలేదే

అప్పుడు లేచింది ఎవరనుకున్నాను? వాళ్ల అత్తగారు. కర్ర పక్కన పడేసి, రెండు చేతులూ ఎత్తి తిరగడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకో ముసలామె. తరువాత మైదానమంతా. ఏడుస్తూ ఆడేవాళ్లను నేనెప్పుడూ చూడలేదు.

ఆట ఆగాక అత్తగారి పక్కకు చేరి, "మీకు కోపం రాలేదా ఆమా?" అన్నాను.

"ఎందుకొస్తుంది? మా అత్తను నేను ఇంతకన్నా ఘాటుగా పాడాను. దీనిది చప్పిడి" అంది రొప్పుతూ. "ఆ రోజుటిది ఆ రోజే గాలికి పోతుంది. రేపు పొద్దున మళ్లీ నేను అత్తను, అది కోడలు."

పాటల తరువాత పదకొండు మంది సిస్టర్ చుట్టూ చేరారు. పదకొండు మంది! ఇంతకాలం ఎక్కడున్నారు వీళ్లంతా?

పాట మొత్తం సంస్థ ఫోనులో తీశాను. అడిగే తీశాను. సరే అంది.

భదౌ 22

సర్ ఆ వీడియోను నాలుగుసార్లు చూశారు. నాలుగోసారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "దీన్ని మన పేజీలో పెట్టమ్మా. లోకం చూడాలి." పెట్టాను.

భదౌ 24

కింది బజారు నుంచి జీపు డ్రైవర్ కూడా ఆ పాటే పెట్టుకుని వచ్చాడు. ఎక్కడెక్కడివాళ్లో చూస్తున్నారు. కాఠ్మాండూలోని పెద్ద సంస్థ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, ఇది తీసింది మీరేనా అని అడిగింది. నేనే అన్నాను. మీలాంటివాళ్లు అక్కడ ఎందుకున్నారు అంది. ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోని రోజు లేదు.

దిదీకి చూపించాను. నోటికి చేయి అడ్డుపెట్టుకుని చూసింది. "ఎంత నల్లగా ఉన్నాను!" అంది. అంతే. సంతోషించిందనే అనుకుంటున్నాను.

భదౌ 29

దిదీ భర్త దల్ బహాదుర్ ఖతార్ నుంచి ఫోన్ చేశాడట. రోజూ చేసి మాట్లాడేవాడు, నిన్న మాట్లాడలేదు. ఊపిరి మాత్రమే వినిపిస్తుంటే దిదీయే పెట్టేసిందట. దిదీ చెప్పలేదు. అత్తగారు చెప్పింది.

అసోజ్ 1

వీడియో తీయనా అని అడిగాను కదా. ఆ మద్దెల మోతలో సరిగా వినపడిందో లేదో. తల ఊపింది మాత్రం నిజం.

అసోజ్ 4

వీడియో తీసేయనా సర్ అన్నాను. "తీసేస్తే తప్పు చేశామని ఒప్పుకున్నట్టు. అయినా ఎన్ని ఫోన్లలోకి పాకిందో, మనం తీస్తే పోతుందా?" అన్నారు. నిజమే. నాకూ అలాగే అనిపించింది. తీసేయాలని నాకు గట్టిగా ఉంటే, అడగకుండానే తీసి ఉండేదాన్ని.

అత్తగారు ఈ రోజు నాకు తన చేత్తో టీ ఇవ్వలేదు. గ్లాసు గుమ్మం మీద పెట్టి అంది: "మా కాలంలో ఎంత పాడినా పాట పాడిన చోటే చచ్చేది. నువ్వు దాన్ని చావనివ్వలేదు."

అసోజ్ 11

అసలేమడిగాను? ఆమె పాట మొదలుపెట్టబోతుంటే ఫోన్ పైకెత్తి, "దిదీ, ఇటు చూడు" అన్నాను. చూసింది. నవ్వింది.

అసోజ్ 25

దశైఁ పండక్కి సెలవు మీద దల్ బహాదుర్ వచ్చాడు. భయంకరుణ్ని ఊహించుకున్నాను. సన్నటి మనిషి, ముఖం ఎండకు తోలు తేలిపోయింది. పెట్టెలో ఈసారి సబ్బులు లేవు. తిట్టలేదు, కొట్టలేదు. పిల్లలిద్దరికీ బూట్లు తొడిగి, మడి గట్టు మీద చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు.

సాయంత్రం నా గది గుమ్మం దగ్గరికొచ్చాడు. లోపలికి రాలేదు.

"చెల్లెమ్మా, మా గదిలో పన్నెండు మందిమి. భోజనాల దగ్గర ఒకడు ఫోన్‌లో పాట పెట్టాడు. గొంతు వినగానే తినడం ఆపేశాను. ముఖం తరువాత చూశాను. వాళ్లు నవ్వుతున్నారు. మంచుగాలి గది అట, విన్నారా అని." అరచేతులు చూసుకున్నాడు. "నేను ఎండలో ఇనుప కడ్డీలు కడతాను. చేతి తొడుగులు లేకుండా పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. అది నేనూ ఇంట్లో చెప్పలేదు."

"దాజు, దిదీ అలా అనుకుని..."

"ఆమెను నేనేమీ అనను. తీజ్ రోజు పాడింది. పాడటానికి ఆమెకు హక్కుంది. నీకేం హక్కుంది?"

నాకు జవాబుంది. పదకొండు మంది వచ్చారని. చెప్పలేదు.

"పండగ కాగానే గది ఖాళీ చెయ్యి" అన్నాడు, మర్యాదగానే.

కార్తిక్ 3

కేంద్రంలో మందులు పెట్టే గదిలో మంచం వేసుకున్నాను. వాసన రాత్రంతా తలలోకి ఎక్కుతుంది. దిదీ నా పరుపు తానే మోసుకురాబోయింది. లాక్కున్నాను.

"నీ దగ్గరికి రావద్దన్నారు. ఈ సంస్థ గడప తొక్కితే మళ్లీ ఇంటి గడప తొక్కొద్దన్నారు" అంది.

"మరి ఆపరేషన్?"

"నా పేరు పైనే ఉంది కదా?"

"ఉంది."

"ఉండనీ. కొట్టెయ్యకు."

కార్తిక్ 19

సర్‌ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆపరేషన్‌కు భర్త సంతకం కావాలి. సర్ ఎంతో బాగా మాట్లాడారు, తన తల్లి గురించి కూడా చెప్పారు. దల్ బహాదుర్ ఒకప్పుడు ఆయన శిష్యుడే. నేల చూస్తూ విన్నాడు.

"సర్, ఇప్పుడు నేను సంతకం పెడితే పాటలో ఉన్నదంతా నిజమని నేనే ముద్ర వేసినట్టు. పెట్టను."

"అది నిజమే కదురా!"

"అందుకే" అన్నాడు.

మంసిర్ 6

శిబిరం రేపు, మా కేంద్రంతో ఒకే గేటు పంచుకునే స్కూల్లో. దిదీ కాక ఇరవై మూడు మంది పేర్లు. పట్నం నుంచి గేటుకు కట్టే పెద్ద ఫ్లెక్సీ వచ్చింది. విప్పాను. దిదీ ముఖం, నా తలకన్నా పెద్దది. "దాచవద్దు, రండి" అని ఎర్ర అక్షరాలు.

దీన్ని కట్టొద్దు సర్ అన్నాను.

"ఆమె వల్లే ఈ ఇరవై మూడు మంది వస్తున్నారు. ఆమెకు ఇది గౌరవం" అన్నారు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారు. కట్టించారు.

మంసిర్ 7

వచ్చింది. మొగుడూ అత్తా గడ్డి కోతకు పైకి వెళ్లగానే బయలుదేరిందట. వీపు మీద బుట్ట, బుట్టలో దుప్పటి, కంచం, వారానికి సరిపడా బియ్యం. ఉతికిన చీర. క్లాసు గదుల ముందు ఆడవాళ్లంతా మూటలతో కూర్చుని ఉన్నారు. ఈమె మాత్రం గేటు దగ్గర నిలబడి ఫ్లెక్సీ వైపు చూస్తోంది.

"ఎవరే ఈవిడ? పొద్దున్నే అంత నవ్వేమిటి?" అంది నాతో.

సర్ గబగబా వచ్చారు. "నందకలా, నిన్న దల్ బహాదుర్ వార్డు అధ్యక్షుణ్ని వెంటబెట్టుకొచ్చాడమ్మా. సంతకం లేకుండా కత్తి పెడితే గేటుకు తాళం వేయిస్తానన్నాడు. వేస్తే ఈ ఇరవై మూడు మందీ వెనక్కి పోవాలి. రేపటి నుంచి కాన్పులు ఎక్కడ? నువ్వే చెప్పు."

"మా అన్నయ్యను తీసుకొస్తే?"

"భర్త ఉండగా అన్న సంతకం చెల్లదంటున్నాడు. ఇంకా గొడవ."

"నేను పెడతాను సర్. నాకు రాయడం వచ్చు."

సర్ గేటు వైపు చూశారు. నేను జాబితా వైపు. డాక్టరమ్మ కిటికీలోంచి తొంగిచూసి, మొదటి పేరు ఎవరిది, రమ్మనండి అంది.

దిదీ ఫ్లెక్సీ వైపు చేయి చూపింది. "పోనీ ఆవిడకు చేస్తారా సర్? నాకు చెయ్యకపోతే?"

సర్ అక్కడే స్కూలు మెట్ల మీద కూర్చుండిపోయారు. నేను జాబితాలో రెండో పేరు పిలిచాను. నా గొంతు మామూలుగానే వచ్చింది. అది నాకు ఆశ్చర్యం.

సిస్టర్ దిదీ రెక్క పట్టుకుని ప్రసూతి గదిలోకి లాక్కుపోయి తలుపు వేసింది. కాసేపటికి బయటికొచ్చి నా చెవిలో చెప్పింది: "రింగు పెట్టాను. దీనికి ఎవడి సంతకమూ అక్కర్లేదు. మూడు నెలలకు రాకపోతే మాత్రం ఆ ముసలామె గతే."

"ఎలా వస్తుంది? గడప తొక్కొద్దన్నారు."

"అది నువ్వాలోచించు. నాకు లోపల పనుంది."

దిదీ వెళ్లేటప్పుడు కొంత దూరం బుట్ట నేను మోస్తానని ఎత్తుకున్నాను. "ఇవ్వు, ఎవరైనా చూస్తారు" అని తీసుకుంది. బియ్యం బరువు అలాగే ఉంది.

మంసిర్ 8

ఫ్లెక్సీ తెల్లవారుజామున నేనే దించాను. సర్ చూశారు.

కాఠ్మాండూ ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది. ఎత్తలేదు.

పుస్ 12

దల్ బహాదుర్ రెండో భార్యను తెచ్చుకున్నాడు. దిగువ ఊరి పిల్ల, పేరు జునా, పందొమ్మిదేళ్లు ఉంటాయేమో. దిదీకి ఇద్దరూ ఆడపిల్లలే కదా, కొడుకు కావొద్దా అని ఊళ్లో కారణం చెబుతున్నారు. అసలు కారణం అందరి ఫోన్లలోనూ ఉంది.

ధార దగ్గర అత్తగారు ఎదురైతే, "చట్టం ఒప్పదు ఆమా" అన్నాను.

"చట్టం వచ్చి మా పేడ మోస్తుందా?" అంది. తరువాత, గొంతు తగ్గించి, "పాపం పిల్లది, దానికేం తెలుసు" అంది. ఏ పిల్ల గురించో నేను అడగలేదు.

పుస్ 28

దల్ బహాదుర్ ఖతార్ వెళ్లిపోయాడు. మళ్లీ రెండేళ్లకు. సర్ అంటారు, వచ్చే మంసిర్ శిబిరానికి ఫోన్‌లో ఒప్పిద్దామని. ఆయన స్వరంలో ఆయనకే నమ్మకం లేదు.

మాఘ్ 15

ఏమీ లేదు. మంచు. మూడు కాన్పులు, మూడూ క్షేమం.

దిదీ ఎటూ రావడం లేదు. మలుపు దగ్గర చూశాను, దూరం నుంచి. ఆగకుండా నడిచింది. రింగు నిలిచిందన్నమాట.

ఫాగున్ 9

గడువు దాటింది. సిస్టర్ రోజూ నా ముఖం చూస్తోంది. నేను దారి చూస్తున్నాను.

ఫాగున్ 14

పదిన్నరకు గేటు దగ్గర ఇద్దరు. ముందు జునా, బుగ్గలు ఎర్రగా, చేతులూపుకుంటూ. వెనక దిదీ, వీపు మీద బుట్ట.

"ఈ పిల్ల నెల తప్పింది. పరీక్ష చేయించుకు రమ్మంది మా అత్త" అంది గట్టిగా, గేటు బయట గడ్డి కోసేవాళ్లకు కూడా వినపడేట్టు.

సిస్టర్ జునాను చూసి పంపి, "పెద్దదాన్ని కూడా లోపలికి రమ్మను, దీనికేం పెట్టాలో చెప్పాలి" అని అంతే గట్టిగా అని తలుపు వేసుకుంది.

బెంచీ మీద జునా, నేను. కాళ్లూపుతూ కూర్చుంది. కాసేపు నన్నే చూసి అడిగింది.

"తీజ్ పాట తీసింది మీరేనా మిస్?"

"నేనే."

"మా ఊళ్లో కూడా అందరి ఫోన్లలో ఉంది. మా స్నేహితురాళ్లం ఆ పాటకు డాన్స్ కట్టాం. చేతులెత్తి తిరిగే దగ్గర భలే ఉంటుంది." చేతులతో చూపించింది. తరువాత చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఆ పాడినావిడ ఈమే అని ఇక్కడికొచ్చాకే తెలిసింది."

నేను రిజిస్టర్లో ఆమె పేరు రాశాను.

"నన్ను తిట్టదు. తిడితే బాగుండును" అంది.

రింగు కడిగించి మళ్లీ పెట్టించుకుని దిదీ బయటికొచ్చింది. జునాను ధార దగ్గర ముఖం కడుక్కోమని పంపింది.

"ఆ పిల్లకు సంకటి గెలకడం కూడా రాదు. నిన్న చెయ్యి కాల్చుకుంది" అంది. "ఒకటి మాత్రం చెప్పేశాను అత్తకు. దీని పురుడయ్యాక రెండు నెలలు గడ్డిపరక కూడా ఎత్తనివ్వను. ఇంకో గది కూలడానికి ఆ ఇంట్లో చోటు లేదు."

"మరి పని ఎవరు మోస్తారు దిదీ?"

"ఎవరున్నారు?"

నా నోట్లో ఒక మాట ఎప్పటి నుంచో ఉంది. క్షమించు లాంటిది. తెరవబోయాను.

"అది వద్దు" అంది, ఏమంటానో తెలిసినట్టు. "దాంతో నేనేం చేసుకోను? పనికొచ్చేది చెప్పు. కడుపులో వాళ్ల వంశం ఉంది కదా, పరీక్షకు అంటే అత్త రోజూ పొమ్మన్నా పొమ్మంటుంది. ఆ పిల్ల కనేదాకా నాకు బాధ లేదు, దాని వెనక నేనూ వస్తాను. కన్నాక? ఏ పేరు చెప్పి రావాలి? చదువుకున్నదానివి. ఆలోచించి పెట్టు."

బుట్ట ఎత్తుకుని జునా వెనకే నడిచింది. సర్ గదిలోంచి వచ్చి, "నందకలా కాదూ? సవతిని తానే తీసుకొచ్చిందా! ఎంత గొప్ప మనసు. ఒక ఫొటో తీయాల్సింది కదమ్మా" అన్నారు.

"ఆమె కాదు సర్. వేరే ఎవరో" అన్నాను.

ఆయన కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు. తరువాత దారిని చూశారు. "అవునేమోలే, నాకు దూరం ఆనడం లేదు" అన్నారు.

ఫాగున్ 16

బిడ్డ పుట్టాక టీకాలుంటాయి. ఆరో వారం, పదో వారం, పధ్నాలుగో వారం. దిదీయే ఎత్తుకు రావొచ్చు, బాలింతను కదలనివ్వనంది కదా. తరువాత తొమ్మిదో నెల దాకా ఏమీ లేదు. మధ్యలో ఒకసారి బరువు తూచాలని కబురు పంపుతాను, సిస్టర్ కాదనదు. తొమ్మిది, పన్నెండు, పదిహేను. పదిహేనో నెలతో టీకాలు అయిపోతాయి.

ఆ తరువాత? జునాకు రెండో కాన్పు అని రాశాను. రాసింది చదువుకుని కొట్టేశాను. ఆడపిల్ల పుడితే ఎలాగూ అదే అవుతుంది. అదీ కొట్టేశాను.

ఇంకేమీ తోచడం లేదు.